శెనక్కాయలు పెరుక్కోవద్దు సారూ

2003, జూలై

ఆరో తరగతి సారుకు, ఈశ్వరి వాళ్లవ్వ చెప్పి రాయిస్తాండేది.

పిల్ల చేతులు ఊరికే పెట్టుకోదు, జడ రిబ్బనుతోనే కట్టేయండని బడికొచ్చి చెప్పిందాన్ని నేనే. మీరు కట్టినారు. ఆ పొద్దు నుంచి బడికి పోనంటాంది. తప్పు మీది కాదు, నాది.

నిన్న విత్తనానికి శెనక్కాయలు వలుస్తా కూర్చున్నాం. వలుస్తానే మీ పాఠమంతా తప్పు లేకుండా అప్పజెప్పింది. చూద్దామని చేట పక్కకు జరిపినా. సగంలో ఆగిపోయింది. చేట తిరిగిస్తే మళ్లా చెప్పింది.

"ఏమే, నీ చదువు చేతుల్లో ఉండాదా?"

"చెయ్యి ఊరకుంటే మనసు యాడికో పోతాదవ్వా."

ఈ మాట నేను ముందే అడిగుంటే నా సొమ్మేం పోయేది?

సోమవారం పంపిస్తా. ఎడమ చేతిలో రెండు కాయలుంటాయి. పెరుక్కోవద్దు. పొట్టు పడితే నేనొచ్చి ఊడుస్తా.

ఈ ఉత్తరం రాస్తాండేదీ అదే, ఎడమ చేత్తో కాయలు నలుపుకుంటా. రిబ్బను మాట చెప్పినాక సిగ్గేసి, కొట్టేయమే అన్నా. కొట్టేసిందో లేదో, నాకు చదువు రాదు. కొట్టేయకుంటే అట్లే ఉండనీండి.

వేలిముద్ర