సంచిలో వెళ్లి తిరిగొచ్చింది

వదినగారికి,

మీరు క్షేమంగా చేరారని మీ తమ్ముడు చెప్పారు. ఆ సదస్సులో పది దేశాల ఆడవాళ్ల మధ్య నిలబడి మన వీధి గురించి మాట్లాడే ముందే ఇది మీకు అందాలని త్వరపడి రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగంలోనే అందుకుని నాకు ధైర్యం చెప్పడం మొదలుపెడతారు. నాకు కావలసింది ధైర్యం కాదు, మీరు చివరిదాకా వినడం.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. కొడుకులు ఇంట్లో దాచితే తల్లులు తెచ్చిచ్చే తుపాకుల గురించి ఏమీ రాయకూడదన్నది మన సంఘానికి మీరు పెట్టిన మొదటి నియమం. ఎవరిదని అడగొద్దు, నంబరు చూడొద్దు, ఎన్ని వచ్చాయన్నది ఒక్కటే రాయమన్నారు. రాత ఉందంటే ఏ తల్లీ బీరువా వెనక చెయ్యి పెట్టదన్నారు. నిజమే. కానీ నాది గ్యాసు బండ మీది నంబరు కూడా రాసుకునే బుద్ధి. మీరంతా నన్ను లెక్కలమ్మ అనేది అందుకేగా. కరిగించడానికి పంపే సంచిలో వేసే ముందు ప్రతి తుపాకీ నంబరూ, దాని మీది గీతలూ పగుళ్లూ మీకు తెలియకుండా వేరే పుస్తకంలో రాస్తూ వచ్చాను. ఎవరు తెచ్చిందీ రాయలేదు. అది నాకు గుర్తుంటుంది.

మన కుట్టుమిషను అక్క సంగతి మీకు తెలిసిందే. కొడుకు దాచిన తుపాకీని పేలికల మూటలోంచి తీసి ఇమ్మని ఆమెను ఒప్పించింది నేను. మూడు నెలలు పట్టింది. ఇచ్చిన రోజున కొడుకు ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. "పోతే పోయాడు, ఇంకొకళ్ల బిడ్డ బతుకుతుంది" అని ఆమే నన్ను ఓదార్చింది. ఏడు నెలలు తిరక్కుండా ఆమె కూతురు, ఆసుపత్రిలో డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడ్డ పిల్ల, ఎవరో ఎవరినో కాల్చబోతే మధ్యలో పోయింది. సంతాపసభలో మైకు పట్టుకున్నది మీరే.

పోయిన శనివారం ఆ కాల్చినవాడి తల్లి మన సంఘం గదికి వచ్చింది. తుపాకీని తువ్వాల్లో చుట్టి తెచ్చింది. "వాడు పారిపోయాడమ్మా. ఇది ఇంట్లో ఉంటే నాకు ముద్ద దిగడం లేదు" అంది. ఆమె వెళ్లాక నంబరు రాయబోయి ఆగాను. ఎక్కడో రాసినట్టనిపించింది. పుస్తకం వెనక్కి తిప్పితే పద్నాలుగో పేజీలో ఉంది. అదే నంబరు, పిడి మీద గోరంత పగులు కూడా అదే. కుట్టుమిషను అక్క మన చేతికిచ్చిన తుపాకీయే ఆమె కూతుర్ని చంపింది వదినా.

మన సంచి నేరుగా ప్రభుత్వ గోదాముకు పోతుంది. కరిగించే రోజుదాకా తాళంచెవి గోదాము గుమాస్తా దగ్గరుంటుంది. ఆ గుమాస్తా మీ తమ్ముడు. మనం నలభై ఇస్తే నలభై కరిగాయని రసీదు వస్తుంది. ఏ నలభై అని అడిగేవాళ్లు లేరు. అడగకూడదని నియమం పెట్టుకున్నది మనమే.

ఆయన ముందు ఇంకా నోరు మెదపలేదు. ఏం చెయ్యమంటారు?

మీ మరదలు

వదినగారికి,

మీ జవాబు రెండుసార్లు చదివాను. "ఇప్పుడు బయటపెడితే ఒక్క తల్లి కూడా మన గడప తొక్కదు. నేను వచ్చేదాకా ఆగు. వాడితో నేను మాట్లాడతాను. వాడు నాకు తమ్ముడే కాదు, నీకు మొగుడు కూడా" అని రాశారు. చివరి మాట కింద గీత గీయకపోయినా నాకు అర్థమయ్యేది. ఆగుతున్నాను. ఆ తుపాకీని మాత్రం సంచిలో వెయ్యలేదు.

మీరు రాకుండా మాట్లాడొద్దన్నారు గానీ నా వల్ల కాలేదు. భోజనాల దగ్గర అడిగాను, గోదాములో తుపాకులు ఎన్నున్నాయండీ అని.

"ఎందుకు, కూర వండుతావా?" అని నవ్వారు.

నంబరు చెప్పాను. ఎవరు తెచ్చారో, అది తిరిగొచ్చి ఎవరిని చంపిందో చెప్పాను. ఆయన లేచి టీవీ కట్టేసి వచ్చి కూర్చున్నారు.

"ఒక్కసారే ఇచ్చాను. పై ఆఫీసరు అడిగితే కాదనలేకపోయాను. పాత ఇనుము పెట్టి లెక్క సరిపెట్టాం."

"ఒక్కసారంటే ఎన్ని?"

"ప్రతిదానికీ ఎన్ని, ఎన్ని అంటావేమిటే? అది పోయి ఆ పిల్లకే తగులుతుందని నేను కలగన్నానా?"

వేరే పిల్లకు తగిలితే ఫరవాలేదా అని అడగాల్సింది. అడగలేదు. మజ్జిగ పొయ్యమన్నారు, పోశాను. మర్నాడు ఆయన వేసుకెళ్లిన చొక్కా కుట్టుమిషను అక్క కుట్టిందే. ఇస్త్రీ చేసింది నేనే.

అక్క రోజు విడిచి రోజు మన గదికి వస్తోంది. ఇంట్లో ఒంటరిగా ఉండలేనంటుంది. నేను టీ పెడతాను. ఆమె మాట్లాడుతుంది, నేను గ్లాసు వైపు చూస్తాను. మీరు త్వరగా రండి.

మీ మరదలు

వదినగారికి,

మీ ప్రసంగానికి అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారని పేపర్లో వేశారు. మన సంఘం ఇచ్చి కరిగించిన తుపాకుల సంఖ్య కూడా వేశారు. అది తప్పు సంఖ్య అని మీకు తెలిసి కూడా చెప్పారు.

నేను ఆగలేకపోయాను. ఎందుకో చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

గురువారం కుట్టుమిషను అక్క ఒక తల్లిని వెంటబెట్టుకొచ్చింది. కూరగాయలమ్మే మనిషి. అక్కే నచ్చజెప్పి తెచ్చిందట. "నన్ను చూడు. నాది అంతా అయిపోయింది. నీది ఇంకా కాలేదు. ఇచ్చెయ్" అంటోంది ఆమెతో. ఆ మనిషి సంచి అడుగున, కూరగాయల కింద నుంచి తుపాకీ తీసి అక్క చేతిలో పెట్టింది. అక్క దాన్ని నాకు అందించింది. నా కాళ్ల దగ్గర గోదాము సంచి మూతి తెరిచి ఉంది.

అందులో వెయ్యలేకపోయాను. పుస్తకం తీసి, పద్నాలుగో పేజీ తెరిచి, పదహారు మంది ఆడవాళ్ల ముందు అంతా చెప్పాను. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో కూడా చెప్పాను.

అక్క అడిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

"పంతొమ్మిది రోజులైంది అక్కా."

"ఈ పంతొమ్మిది రోజుల్లో నాకు ఎన్నిసార్లు టీ ఇచ్చావు?"

"తొమ్మిది."

"లెక్క మాత్రం బాగానే ఉంచావు" అని లేచి వెళ్లిపోయింది. ఆమె వెనక పదకొండు మంది వెళ్లారు. వదినా, మీరు అన్నట్టే జరిగింది. మీ అంచనా ఎప్పుడూ తప్పదు.

శుక్రవారం పుస్తకాన్నీ, అక్క కూతుర్ని చంపిన తుపాకీనీ కోర్టులో ఇచ్చాను. మంగళవారం పోలీసులు మీ తమ్ముణ్ణి తీసుకెళ్లారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, బీపీ మాత్రలు ఎక్కడ పెట్టావని మాత్రం అడిగారు. రోజుకొకటి చొప్పున పొట్లాలు కట్టి, మీద వారాలు రాసి ఇచ్చాను. ఆ పై ఆఫీసరు పేరు ఇంకా చెప్పలేదట.

నిన్న పొద్దున కూరగాయలామె వచ్చింది. తన తుపాకీ తనకిచ్చెయ్యమంది. "మళ్లీ ఎవరికి అమ్ముతారో, నాకేం తెలుసు?" అంది. కోపం రాలేదు, అడగాల్సిన మాటే అడిగింది. తిరిగివ్వను గానీ నీ కళ్ల ముందే లేకుండా చేస్తానన్నాను. వీధి చివర వెల్డింగు షాపతన్ని పిలిచి, నడిరోడ్డు మీద బల్ల వేయించి కరెంటు రంపంతో కోయించాను. ముప్పావుగంట పట్టింది. ఆమె నిప్పురవ్వలకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆఖరిదాకా చూసింది. చల్లబడ్డాక రెండు ముక్కలూ చేతిలో పట్టి చూసుకుని, ఒకటి తన సంచిలో వేసుకుంది.

"ఇది నా దగ్గరుంటుంది. అది మీ దగ్గరుంచుకోండి. రెండూ కలవకుండా చూసుకుందాం."

ఇక మన పద్ధతి ఇదే. గోదాముకు ఏదీ పోదు. ఉన్న అయిదుగురం ఒప్పుకున్నాం. మీరు వస్తే ఆరుగురం. వచ్చేటప్పుడు మైకు అక్కర్లేదు.

కోస్తున్నంతసేపూ కుట్టుమిషను అక్క ఎదురు అరుగు మీద నిలబడి ఉంది. అందరూ వెళ్లాక రోడ్డు దాటి వచ్చింది. నన్ను చూడలేదు, బల్ల వైపు చూస్తూ అడిగింది.

"నాది ఎప్పుడు కోస్తారు?"

"కోర్టులో ఉంది అక్కా. కేసు తేలాలి."

"తేలినప్పుడు రంపం నాకివ్వాలి. అతనికి కాదు." ఒక అడుగు వేసి ఆగింది. "నువ్వు మాత్రం ఆ రోజు అక్కడ ఉండకు."

ఉండనని మాటిచ్చాను.

లెక్కలమ్మ