మధ్యాహ్నం రెండింటి సెషన్

మార్చి 11, మంగళవారం

ఉంగితో రెండో కౌన్సెలింగ్ సెషన్. ఒక్క మాట లేదు. ఛత్తీస్‌గఢ్‌లో ఊరు తగలబడ్డాక అడవి దాటి వచ్చింది. ఇప్పుడు గోదావరిఖని అంచున ఇటుకబట్టీలో పని. కళ్ళు మూస్తే కాల్పులేనట, నిద్ర లేదట, ఫైలులో రాసి ఉంది. ఒంటిగంటన్నరకు వచ్చి బాగానే కూర్చుంటుంది. అసలు విషయానికి వచ్చేసరికి బిగుసుకుపోతుంది. ఆమె కోయ మాటలు తెలుగు చేసి చెప్పాల్సిన పోశవ్వ నా ముఖం, నేను పోశవ్వ ముఖం చూస్తూ కూర్చున్నాం.

మార్చి 18

మళ్ళీ అదే. గోడతో మాట్లాడినా నయం.

మార్చి 25, సాయంత్రం 6

మా సంస్థ పెద్దపల్లి ఆఫీసు నుంచి భూపాల్ సార్ ఫోన్. ఆరు సెషన్లల్ల ఇంప్రూవ్‌మెంట్ లేకపోతే ఫైలు క్లోజ్ చెయ్యాలె, లైన్ల వేరేటోళ్ళు ఉన్నరు అన్నాడు. ఇవాళ్టితో నాలుగు. ఫైలు మూస్తే ఉంగికి ఈ చుట్టుపక్కల ఇంకో దిక్కు లేదు. అది తెలిసీ ఫారంలో నాన్ కోఆపరేటివ్ అని రాశాను. కోపంతోనే రాశాను.

ఏప్రిల్ 1, మధ్యాహ్నం 3

ఉంగి మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది. సరిగ్గా అడుగుతున్నావా లేదా అని పోశవ్వ మీద విరుచుకుపడ్డాను. నన్నంటవేంది బిడ్డా, నువ్వు చాయ్ గ్లాసు మీద చెయ్యి పెట్టినప్పుడల్ల గా పిల్ల వణుకుతది అన్నది.

కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రోజూ రెండింటికి ఓపెన్ కాస్ట్ బొగ్గుగనిలో బ్లాస్టింగ్. కిటికీలు అదురుతాయి, రేకుల మీంచి దుమ్ము రాలుతుంది. అది చాయ్‌లో పడకుండా చెయ్యి అడ్డం పెట్టడం ఇక్కడ పుట్టినవాళ్ళందరికీ అలవాటు. మా బాపు బొగ్గుబాయి పని చేసినవాడు. నేను ఆ చప్పుడులోనే పెరిగి, చదివి, ట్రామా మీద డిప్లొమా తెచ్చుకున్నాను. ఐదు వారాలు నా ఎదురుగా పేలింది. నా చెయ్యి విన్నది, నేను వినలేదు. ఏం చదువు ఇది, కాల్చనా!

ఏప్రిల్ 2

సెషన్ పొద్దున పెడతానంటే భూపాల్ సార్ ఒప్పుకోలేదు. ఆమెను తెచ్చే ఆఫీసు బండి మధ్యాహ్నమే ఉంటది, గంత చిన్న చప్పుడుకు పరేషాన్ ఏంది అన్నాడు. ఆయనా ఇక్కడివాడే మరి. బండి వద్దు, ఆటోలో నేనే తీసుకొస్తానని ఫోన్ పెట్టేశాను.

ఏప్రిల్ 8, ఉదయం 10

ఉంగి మాట్లాడింది. ముందు నన్నే అడిగింది. గంత పెద్దగ పేలుతుంటే మీకెవ్వలకు భయం కాకుంట ఏం మందు తింటరు, గదే నాకు గూడ ఇయ్యి అంటున్నదని పోశవ్వ చెప్పింది.

సారీ అన్నాను.

ఫారంలో ఇంప్రూవ్‌మెంట్ ఉంది అని రాశాను. ఎవరికి అని ఫారం అడగదు.