టీకా రోజు ఉపవాసం

ఏవండీ,

మీ అమ్మగారంత భక్తురాలిని మారేడ్‌పల్లి మొత్తంలో చూడలేదు. టీకా వేసేవాళ్లు మన వీధికి వచ్చిన ప్రతిసారీ ఆవిడకు ఉపవాస ప్రార్థనే.

ఇప్పుడు ఊపిరి అందడం లేదు. కరోనాయే. అంబులెన్సు వస్తోంది, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. మీరు ఇంట్లో కూడా మాస్కు తీయకండి. హదస్సా పైగదిలో ఉంది. రాత్రి నానమ్మ పక్కనే పడుకుంది, దానికి టీకా వేసే వయసే రాలేదు. ఒళ్లు వేడెక్కుతోందేమో చూస్తూ ఉండండి. చారన్నం గుమ్మం దగ్గర పెట్టి పిలవండి.

టీకా లేనిదే ఆఫీసుకు రావద్దన్నప్పుడు "నా ఒంటి మీద వాళ్ల పెత్తనమేంటి?" అని మీరు అరుస్తూనే వేయించుకున్నారు. నేనూ మీకే వంత పాడాను. బలవంతం నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ అత్తయ్యను ఎవరూ బలవంతపెట్టలేదు, మనం కూడా.

బ్యూలా

మరో మాట. అత్తయ్య తప్పు ఒప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు, అందుకే ఇంకా భయంగా ఉంది. ఇందాక చెప్పులు తొడుగుతుంటే నా చెయ్యి పట్టుకుని పైకే అనేశారు: "తప్పు నాదేనే బ్యూలా. సూదికి జడిసి పిల్ల మీదకి తెచ్చాను."