లిల్లీ వెనక నలుపు

ఫిబ్రవరి 4
ఈరోజు ముప్పై ఒక్క ముఖాల వెనక తెలుపు వేశాను. స్టూడియోలో నా పని అదే. పాస్‌పోర్ట్‌కీ లైసెన్స్‌కీ కాలేజీ కార్డుకీ అన్నిటికీ తెల్ల బ్యాక్‌గ్రౌండే. ఒకాయన చెవులు కాస్త లోపలికి తొయ్యమన్నాడు. చెవులు దేవుడిచ్చినవి, వాటి జోలికి పోకూడదని రూలుందన్నాను.
ఇంటికొచ్చి మేడ మీద పూల ఫోటోల వెనక నలుపు వేద్దామని చూస్తున్నాను. ఇంకా కుదరడం లేదు. కుదురుతుంది.

ఫిబ్రవరి 6, ఉదయం 7.10
పూలు అత్తయ్యవి. ఆవిడ ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయింది. ఆవిడ ఎర్ర పెన్ను మాత్రం రిటైరవలేదు. నవంబరులో స్టూడియో పాత కెమెరా నా చేతికొచ్చిన దగ్గర్నుంచి, నేను తెచ్చే ప్రతి ప్రింటు వెనకా పదికి మార్కులు వేస్తుంది. మందారానికి నాలుగు. అదే ఇప్పటికి రికార్డు. చామంతికి రెండున్నర. ఆ అర దేనికని అడిగితే, కష్టపడ్డందుకు అంది.
మా ఆయన లిఫ్టు మెకానిక్. మీ ఇద్దరి మధ్య ఇరుక్కోవడం కన్నా లిఫ్టులో ఇరుక్కోవడం నయం అంటాడు.

ఫిబ్రవరి 9
పువ్వు బాగానే వస్తోంది. వెనకే నీలం వాటర్ ట్యాంకు, పక్కింటి తువ్వాళ్ళు, కేబుల్ వైరు. పువ్వు కోసి నల్లగుడ్డ ముందు పెట్టుకుంటే పని అయిపోతుంది. కోస్తే వేళ్ళు విరుస్తానంది అత్తయ్య.

ఫిబ్రవరి 11, ఉదయం 6.50
దొరికింది! ఎండ ట్యాంకు పక్కనుంచి సన్నగా వచ్చి తెల్ల లిల్లీ మీద పడుతుంది. వెనక గోడ ఇంకా నీడలోనే ఉంటుంది. పది నిమిషాలే. ఎక్స్‌పోజర్ బాగా తగ్గించి కొట్టాను. సగం నలుపు అక్కడే వచ్చేసింది. మిగతా సగం నేను చూసుకుంటాను.

సాయంత్రం
చూసుకున్నాను. కంప్యూటర్లో ముందు పువ్వుకి మాస్క్, దానికేమీ అంటకుండా. తర్వాత వెనకది నల్లబడేదాకా షాడోస్ కిందికి, కర్వ్స్ కిందికి. పూర్తిగా సున్నా చేస్తే పువ్వు కత్తిరించి అంటించినట్టుంటుంది. అందుకే కాడ పక్కన పచ్చదనం ఉందా లేదా అన్నంత ఉంచాను. రేకుల అంచుకి ఆకుల రంగు అంటుకుంది. సన్న బ్రష్‌తో తుడిచాను. తువ్వాలు మూల ఒకటి మొండికేసింది. దాన్నీ చీకట్లోకి తోసేశాను. ఉంగరాల జుట్టు పోగు పోగునా కట్ చేసిన చెయ్యి ఇది. రేకులు నాకో లెక్కా?
లెక్కే. రెండు గంటలు పట్టింది.

ఫిబ్రవరి 12
తొమ్మిది!!

ఫిబ్రవరి 13
నిన్న చెయ్యి ఆడలేదు రాయడానికి. అత్తయ్య ప్రింటు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. ముఖానికి దగ్గరగా పెట్టుకుని, కాస్త పక్కకి జరిపి, చాలాసేపు చూసింది. ఇన్నాళ్ళకి పువ్వులాంటి పువ్వు తీశావే అంది. నేను ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్ళి గెంతాను.
స్టూడియో బాస్ దాన్ని షాపు అద్దంలో చంటిపిల్లల ఫోటోల మధ్య పెట్టాడు. ఇది ఎవరి పాపండీ అని ఒకావిడ అడిగిందట.

ఫిబ్రవరి 20
గులాబీకి తొమ్మిది. చామంతికి తొమ్మిది. నా కాళ్ళు నేల మీద లేవు, ఉండాల్సిన అవసరమూ కనబడలేదు.

ఫిబ్రవరి 22
అవమానం. ప్రింటర్ రంగులు చూసుకోవడానికి తీసిన ఓ చెత్త ప్రింటు పొరపాటున కట్టలో కలిసింది. తెల్ల గులాబీ, నల్ల బ్యాక్‌గ్రౌండ్, గాలికి ఫోకస్ తప్పింది. పువ్వు కాదది, తడిసిన దూది. నేనైతే రెండు కూడా వెయ్యను. ఆవిడ తొమ్మిది వేసింది!
పౌరుషం వచ్చి, నా మొత్తం పనిలో బెస్ట్ తీసి ఇచ్చాను. పొద్దుటి నిండు వెలుగులో, ఆకుల మధ్య లిల్లీ. మంచుబొట్లు లెక్కపెట్టుకోవచ్చు. ఒకటి వేసింది. ఇందులో ఏముంది, గడ్డి తప్ప అంది.

ఫిబ్రవరి 23, ఉదయం 5.30
మెలకువ వచ్చేసింది. ఇందులో ఏముంది అన్న మాట చెవిలోంచి పోవడం లేదు.
ఆవిడ నా పనికి మార్కులు వెయ్యడం లేదు. కనబడుతోందా లేదా, అంతే.
ఈమధ్య టీ కప్పు బల్ల అంచు తడిమి మరీ పెడుతోంది. మెట్ల మీద ఎదురుపడితే నేను మాట్లాడేదాకా పలకరించదు. పొగరనుకున్నాను. నాలుగు నెలలుగా పొగరనే అనుకున్నాను.

సాయంత్రం 5
చెయ్యకూడని పనే చేశాను. ఒకే లిల్లీ, రెండు ప్రింట్లు. ఒకటి వెనక గోడతో, ఒకటి నలుపుతో. ఏ పువ్వులో చెప్పండి అని మేడ మీద ఆవిడ చేతికిచ్చాను. నలుపుది చూడగానే లిల్లీ అంది. రెండోదాన్ని అటూ ఇటూ తిప్పింది. చివరికి మందారం అంది.
మార్కులు వెయ్యమనకుండానే రెండు ప్రింట్లూ వెనక్కి తీసుకున్నాను. దాంతోనే ఆవిడకి అర్థమైపోయింది. నాకే పరీక్ష పెడతావా అని కేకలేసింది. తర్వాత బోర్లించిన బకెట్ మీద కూలబడింది.
“ఎప్పట్నించి అత్తయ్యా?”
“కుడిది రెండేళ్ళు. వయసుకి మసక మామూలేగా అనుకున్నా. ఎడమది నాలుగు నెలలు. గీతలు వంకర పోతున్నాయే. గుమ్మం వంకర, కిటికీ వంకర. లెక్కల టీచర్ని, సరళరేఖ వంకరగా ఉందని ఎవరికి చెప్పుకోను?”
“మాకు చెప్పొచ్చుగా!”
“చెప్తే మీ ఆయన మేడ మెట్లు ఎక్కనిస్తాడా?”

ఫిబ్రవరి 24
కంటి ఆస్పత్రి. డాక్టరమ్మ గళ్ళ కాగితం చూపించింది. మధ్య గళ్ళు చీమలు తిన్నట్టున్నాయంది అత్తయ్య. చూపులో నడిమి భాగం దెబ్బతింటోందట. చుట్టూ కనబడుతుంది, తిన్నగా చూసినదే కనబడదు. కుడికన్ను చూపు తిరిగి రాదు. ఎడమదానికి ఇప్పుడు వైద్యం మొదలుపెడితే నిలుస్తుంది. ఇంకా ఆలస్యం చేస్తే ఏమీ చెప్పలేం. నెలకో ఇంజెక్షన్, కంట్లోకే.
పదో అంతస్తులో తాడు పట్టుకుని వేలాడే మా ఆయన ఆ మాటకి కుర్చీ వెతుక్కున్నాడు. అత్తయ్య మాత్రం నిలుస్తుందంటే ఎంతమందికి, శాతాల్లో చెప్పమ్మా అంది. తొంభై అంది డాక్టరమ్మ. అయితే కానివ్వండి అంది ఈవిడ.

మార్చి 2
మొదటి ఇంజెక్షన్. చీమ కుట్టినట్టుంది, అంతే అంది. నా చెయ్యి నలిపి పిప్పి చేసిన మనిషి.

మార్చి 3
మేడ తలుపుకి తాళం వేస్తానన్నాడు మా ఆయన. ఇంట్లో యుద్ధం. తాళం చెవి నేను లాక్కున్నాను. మెట్లు ముదురు సిమెంటు రంగు. ఒక్కో మెట్టు అంచుకీ నాలుగు వేళ్ళ వెడల్పున తెల్ల పెయింటు కొట్టాను. వెనక ముదురుగా ఉంటే ముందున్నది ఎలా కనబడుతుందో ఈ ఇంట్లో నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? పధ్నాలుగు మెట్లు. సాయంత్రానికి ఆరాయి.
అత్తయ్య గోడ పట్టుకోకుండా ఎక్కింది. మా ఆయన వెనకే, రెండు చేతులూ చాపి, ఊయల కింద నిలబడ్డవాడిలా.

మార్చి 30
రెండోది. గుమ్మం కొంచెం దారిలోకి వచ్చిందట.

ఏప్రిల్ 6, ఉదయం 7
అత్తయ్య ఎండుటాకులు ఏరుతూ, తల ఎత్తకుండా, నీ ఫోటో ఒకటి కావాలంది. పెద్దది. పూలకి చేసినట్టే వెనకంతా నల్లగా. ఎందుకత్తయ్యా అన్నాను.
ఐదారు నెలలై నిన్ను గొంతుతోనే చూస్తున్నానే అంది.

ఏప్రిల్ 8
ఇచ్చాను. కిటికీ దగ్గర చూస్తూ కూర్చుంది. గడ్డం మీద ఆ గాటెప్పుడు పడింది అని అడిగింది. డిసెంబరులో, స్టూడియోలో లైటు స్టాండు తగిలి, రెండు కుట్లు, కంగారు పడతారని మీకు చెప్పలేదు అన్నాను.
ఇలా రా అంది.