అటక కింద బాలింత

కిషన్‌బాగ్,
శనివారం, 1974

బావా,

మా ఇంటి యజమాని వైకుంఠం సేటు ఘోరం చేశాడు. అటకను గోదాం చేసుకోవడానికి మా గది కట్టె గోడలో రెండు నిలువు గుంజలు కోయించి దర్వాజ పెట్టించాడు. పై దూలాన్ని మోసేవి ఆ గుంజలే. ఇప్పుడు వాటి బదులు దర్వాజ మీద ఒట్టి పలక కొట్టి సున్నం పూశారు. ఆ పలక అప్పుడే వంగింది. దాని కిందే నీ భార్య, నీ పసిబిడ్డ పడుకుంటున్నారు.

"మా ప్రాణాలు నీ సరుకు కంటే చవకనా?" అని నిలదీస్తే సేటు నవ్వాడు. "కరపత్రాలు సదివి గోడ నిలబెడ్తవా పోరడా? ఇల్లు నాది, నాకు లేని ఫికర్ నీకేంది?" అన్నాడు.

అమ్మ ఇంకా మొండిగా ఉంది. "పురుడు ఎల్లకముందే బాలింతను గడప దాటిస్తమా? నోరు మూస్కో" అంటోంది. ఉయ్యాలలో సున్నం రాలితే కొంగుతో దులిపి, బిడ్డను మళ్లీ అక్కడే పండబెట్టింది.

కట్టె కిర్రుమన్నప్పుడల్లా ఉయ్యాల దగ్గరికి ఉరుకుతున్నాను. దోపిడీ మీద గంటసేపు మాట్లాడగలను బావా, అమ్మను మాత్రం ఒప్పించలేకపోతున్నాను. నీ మాటైతే వింటుంది. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వెయ్యకుండా మనిషి చేత పంపుతున్నాను.

రేపు తొమ్మిదింటికి చింతపండు బస్తాలు అటక ఎక్కుతాయి. సేటుతో లొల్లి తర్వాత పెట్టుకుందాం. ముందు తల్లీబిడ్డలను బయటికి తెచ్చి దూలానికి ఆసరా నిలపాలి. గట్టి గుంజలు పట్టుకుని, మీ వర్క్‌షాపు దోస్తులందరినీ వెంటబెట్టుకుని రా. పొద్దున ఏడింటికల్లా అందరం మా వాకిట్లో ఉండాలి.

నీ బావమరిది