రెండు అట్టల మధ్య మొగుడూ పెళ్లాం

తమ్ముడికి,

నువ్వు సగమే వినే మనిషివి. ఆ సగం కూడా నీ పెళ్లాం చెప్పేదైతే వినవు. ఎప్పుడూ మొగుడి వాంగ్మూలమే లోకానికి చరిత్ర! అందుకే ఈ నవల పంపుతున్నాను. పై వాటాలో అద్దెకున్నాయన నిద్రలోనే పోతాడు. ఒక అధ్యాయం మొగుడు చెబుతాడు, ఒకటి పెళ్లాం. ఒకరి మీద ఒకరికి అనుమానం. చదువుతుంటే పొగమంచులో ఎవరి చెయ్యి పట్టుకుని నడుస్తున్నామో తెలియదు. ఇద్దరూ చదవండి. ఆమె మాట శ్రద్ధగా విను.

మీ అక్క

తా.క. చివరి పేజీ ముందే చూశావో, నువ్వు నా తమ్ముడివే కావు.

*

అక్కకి నమస్కారాలు.

పుస్తకం ఒకటి, మేం ఇద్దరం. బైండింగు చేసేవాడికి అదో సమస్యా? కుట్టు విప్పి మొగుడి అధ్యాయాలు ఒక అట్టలో, పెళ్లానివి ఇంకో అట్టలో కట్టాను. నువ్వన్నట్టే పెళ్లాం సగం నేను తీసుకుని, మిగతాది మీ మరదలికిచ్చాను.

మధ్యాహ్నం జిగురు ఆరేదాకా చదువుతూ కునుకు తీస్తాను. కలలో ఆ మొగుడి అడుగుల చప్పుడు దగ్గరవుతుంది. ఉలిక్కిపడి చూస్తే, నడుస్తున్నది నేనే. నేనంత దుర్మార్గుణ్ణా అక్కా?

ఇట్లు, తమ్ముడు

తా.క. ఆవిడకి టీ పెట్టడం మానేశాను. నా చేతి మీద నాకే నమ్మకం లేదు.

*

తమ్ముడూ,

బుద్ధుందా? పుస్తకం మధ్య గోడ కడతావా! నీకు జ్ఞానోదయమైంది, సంతోషం. ఆ మొగుడి సణుగుడంతా ఆ పిల్ల నెత్తిన పోశావేం? "వదినా, నాది అంత రాతిగుండెనా? ఆయనకి టీ పెట్టాలంటే భయమేస్తోంది" అని రాసింది. ఏ తప్పూ చెయ్యని ఆడదాన్ని దోషిని చెయ్యడం ఇలాగే మొదలవుతుంది! ఆదివారం నేనే వచ్చి మీ ఇద్దరినీ బాగుచేస్తాను. నిద్రమందు కూడా తెస్తాను.

మీ అక్క

తా.క. ఎవరు చంపారో కాళ్లు పట్టుకున్నా చెప్పను.

*

అక్కకి,

రెండు సగాలూ మళ్లీ ఒక్కటిగా కుట్టాం. దారం నాది, సూది ఆవిడది. కిటికీలో వాన సన్నగా పడుతుంటే వంతులవారీగా పైకి చదువుకున్నాం. "సాయంత్రం మా ఆడపడుచు వచ్చి పై వాటాయనకి నిద్రమందు ఇచ్చింది" అంటుంది పెళ్లాం. "రాత్రి పడుకోబోయే ముందు మా అక్క ఇచ్చింది" అంటాడు మొగుడు. ఎవరికి వారు ఆవిడ మందు ఇచ్చింది ఒక్కసారే అనుకున్నారు. పక్కపక్కన పెడితే రెండుసార్లు! చంపింది వాళ్లిద్దరూ కాదక్కా. వాళ్లని బాగుచెయ్యడానికి వచ్చిన మొగుడి అక్క!

మీ మరదలు టీ పెట్టి, నాకిచ్చి, మెల్లగా అంది: "వదిన మంచిదేనండీ. కానీ ఆదివారం మనం ఇంట్లో ఉండొద్దు."

ఇట్లు, తమ్ముడూ మరదలూ

తా.క. మా డిమాండ్లు:
ఆదివారం రావద్దు.
వచ్చినా ఖాళీ చేతులతో రావాలి.
ఇకనుంచి ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాయాలి.
ఈ రచయితది ఇంకో నవల ఉంటే వెంటనే పంపాలి.