నా పేరున్న ఎర్ర తాళం

జగిత్యాల వాస్తవ్యుడను, ప్రస్తుతం ఖతర్ దేశం మెసయీద్‌లో ఎరువుల కంపెనీ క్వార్టర్‌లో ఉంటున్న ఫిట్టర్ రహమతుల్లాను, వయసు యాభై ఆరు, తెలివి చక్కగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరిచేతా రాయించక స్వయంగా రాస్తున్న వీలునామా. వచ్చే వారం నాకు గుండె ఆపరేషన్. ముందు ఇది రాయమని నా భార్య నఫీసా ఫోన్‌లో పోరుపెట్టింది.

1. ఊళ్లో ఇల్లు షరియత్ ప్రకారం వారసులకు చెందుతుంది. అందులో నా పెత్తనం లేదు, పంచే తలనొప్పీ లేదు. అల్లాకు షుక్రియా.

2. నఫీసా పంపిన పచ్చడి సీసాలన్నీ కడిగి దాచాను. అవి ఆమెకే. ఈ దేశంలో ఇరవై రెండేళ్లలో ఒక్క పూట కూడా నా అన్నం చప్పగా లేదు.

3. గదిలో తోడున్న అతీఖ్‌కు నా టేబుల్ ఫ్యాన్. గురకతో తొమ్మిదేళ్లు నా నిద్ర చెడగొట్టాడు. జ్వరమొస్తే గంజి కాచిందీ అతనే.

4. వీలునామా అమలు బాధ్యత నా తోటి ఫిట్టర్ ఖాసీంది. శుక్రవారాలు మెస్‌లో మాకు గ్రీకు తత్వవేత్తల పుస్తకం విప్పి చెప్పేవాడు. ఊరి మంచిచెడ్డలకు అందరూ బాధ్యులేనట, అయినా ఎవరి గుణాన్ని వారే రోజూ చేసే పనితో నిలబెట్టుకోవాలట. అన్నం తినడం మరిచి విన్నాను. ఆ చదువు పెట్టినందుకు అతనికి రుణపడ్డాను.

5. నేను పోయాక ఖాసీం చదవవలసిన సంగతి. పంపు రిపేరులో ఉన్నంతసేపు ఎవరూ ఆన్ చేయకుండా దాని స్విచ్‌కు ప్రతి ఫిట్టరూ తన పేరున్న ఎర్ర తాళం వేయాలి, తనే తీయాలి. నాలుగేళ్ల కిందట రంజాన్‌లో ఖాసీం తన తాళం వేయకుండా నా తాళాన్ని నమ్మి పంపులో చెయ్యి పెట్టాడు. ఇఫ్తార్ తొందరలో నేను, ఖాసీం ఇంకా పంపు దగ్గరే ఉన్నాడని చెప్పకుండా, నా తాళంచెవి మాతో పనిచేసే గిరికి ఇచ్చి వెళ్లాను. గిరి తాళం తీశాడు, పంపు తిరిగింది, ఖాసీం కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. విచారణలో అందరి పొరపాటూ అన్నారు, ఉద్యోగంలోంచి పంపించింది మాత్రం గిరిని. నా తాళంచెవి గిరే చెవులు తగిలించే బోర్డు మీంచి తీశాడనుకున్నారు. నేను నోరు విప్పలేదు. గిరి కూడా నా పేరు చెప్పలేదు. "నీ కూతురు సదువుకుంటా ఉంది గదన్నా, నేను ఒంటోన్ని" అన్నాడు. ఇప్పుడు ఉమ్ సలాల్‌లో ఒక ఇంటికి డ్రైవర్. ఇవాళ్టికీ నన్ను చూడటానికి వస్తాడు. అతనికి థ్యాంక్స్ చెప్పిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చాను.

6. ఐదో అంశం రాసి, చాయ్ తాగి, మళ్లీ చదివాను. పోయాక నిజం చెబితే దానికి జవాబుదారీ ఎవరు? ఆ అంశంలో "నేను పోయాక" అన్న మాట కొట్టివేస్తున్నాను. రేపు ఇద్దరినీ పిలిచి ఈ కాగితం ముందు పెడతాను. సాక్షి సంతకం చేయడం, చేయకపోవడం వాళ్ల ఇష్టం. ఆదివారం కంపెనీలో నేనే చెబుతాను. ఉద్యోగం పోతే పోనీ, గిరి పేరు మీద మచ్చ పోవాలి.

మెసయీద్, 14 నవంబరు 2025, శుక్రవారం.

(సంతకం) రహమతుల్లా

సాక్షులు:
గిరి, ఉమ్ సలాల్.
ఖాసీం, మెసయీద్. సంతకం ఎడమచేత్తో చేసిన. అంతా చదివిన. నా తాళం నేను ఎయ్యలె, అది నా తప్పే. ఆదివారం నేను గూడ వస్త.